పొగమంచు మీద ఒక్క గీత

తూర్పున కుంకుమబరిణె ఒలికినట్టయింది. ఆ వెలుగు తగలగానే శ్వేతగండి అడుగు నుంచి పొగమంచు పాలపొంగులా లేచింది. లేచి లేచి రెండు కొండల అంచులనూ అందుకుని, ఎవరో అరచేత్తో దిద్దినట్టు చదునుగా పరుచుకుంది. ముడత లేదు, మరక లేదు. ఆ గండి ఎంత వెడల్పంటే, ఈ ఒడ్డున తెల్లవారుజామున కూసిన కోడికి ఆ ఒడ్డున మధ్యాహ్నం నిద్ర లేస్తారు. ఎంత లోతంటే, జారిపడినవాడికి దారిలో రెండుసార్లు ఆకలేస్తుంది. అంత గండి మీదా మంచు ఒక్క కాగితమై నిలుస్తుంది. నిలిచేది సరిగ్గా ఒక్క గడియసేపు.

ఆ కాగితం అంచున, చీపురంత కుంచె చేతబట్టుకుని రేచన నిలబడి ఉన్నాడు.

"ఊపిరి వదులు," అంది వెనకనుంచి సూయిన్ అవ్వ.

"వదిలాను."

"భుజం వదులు."

"వదిలాను."

"పళ్లు కూడా వదులు నాయనా. నువ్వు నూరే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది."

రేచన కుంచెను మంచుకు ఆనించి గీశాడు. ఈ ఒడ్డున మూరెడు గీస్తే చాలు, గండి మహిమ వల్ల ఆ గీత సాగిపోయి అవతలి ఒడ్డును తాకి, వంతెనై గట్టిపడుతుంది. చిక్కంతా ఆ సాగడంలోనే ఉంది. ఇక్కడ చిటికెనవేలు నువ్వుగింజంత వణికితే అక్కడ తాటిచెట్టంత గూను లేస్తుంది.

గీత బయలుదేరేటప్పుడు బుద్ధిగానే బయలుదేరింది. పాతిక బారలు పోయాక పైకి లేచింది. పక్కకు తిరిగింది. ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చినదానిలా వెనక్కి చూసింది. ఆ తర్వాత తన చుట్టూ తానే రెండు చుట్లు చుట్టుకుని జిలేబీ అయి కూర్చుంది. జిలేబీ మీద నడిచి గండి దాటినవాడు ఇంతవరకు ఏ రాజ్యంలోనూ లేడు. చూస్తుండగానే అది నల్లటి నీళ్లయి గండిలో కురిసిపోయింది.

"బాగుంది," అంది అవ్వ. "నిన్న ఒక చుట్టే వేశావు."

రేచన కళ్లు అవతలి ఒడ్డున, మసికోట బురుజు మీద ఉన్నాయి. బొగ్గుతో కట్టినట్టు నల్లగా ఉన్న ఆ బురుజుకు ఒక నిలువెత్తు పటం వేలాడుతోంది. పటంలో ఒక స్త్రీ, రెండు చేతులా కత్తి ఎత్తి, ఎవరి మీదికో దూకబోతూ ఆగిపోయి ఉంది. ఆమెకు పాదాలు లేవు, మోకాళ్లు లేవు. పొగమంచు విడిపోతూ పోతూ ఈ పూట కూడా ఆ పటాన్ని తడిపింది. మరో అరజాన మేర మసి కరిగి గోడవెంట జారింది. ఇప్పుడు నడుముదాకా ఏమీ లేదు, తెల్ల గుడ్డే ఉంది.

ఆమె రేచన అక్క, మైలసాని.

సింధూరగిరి కోట తలవాకిలికి ఆమె కావలి నాయకురాలు. మదమెక్కిన ఏనుగును తొండం పట్టుకుని "పక్కకు జరుగు" అంటే అది సిగ్గుపడి జరిగేది. అమ్మానాన్నలు వరదలో పోయిన ఏడాది ఆమెకు పన్నెండేళ్లు, తమ్ముడికి మూడు. వాణ్ణి వీపున కట్టుకుని ఏరు ఈది వచ్చింది. పెంచింది. ఆస్థానంలో రాయసగాడి కొలువు దొరికేదాకా వాడిచేత తాటాకులు రాయించింది. కిందటి నెల కజ్జలకేతుడనే మాంత్రికుడు చిత్రకారుడి వేషంలో కొలువుకు వచ్చి, "మహారాజా, తమ పటం రాస్తాను, కదలకుండా కూర్చోండి" అన్నాడు. వాడి కుంచె నుంచి మసి కాక పొగ రావడం అందరిలోకీ మైలసాని ఒక్కతే చూసింది. కత్తి దూసి రాజుకు అడ్డం దూకింది. రాజును పట్టవలసిన గీతలు ఆమెను పట్టాయి. మనిషి పటమైంది. మాంత్రికుడు పటాన్ని చుట్టి చంకలో పెట్టుకుని కిటికీలోంచి గబ్బిలమై పోయాడు.

సైన్యాలు వాడి మసికోట మీదికి వెళ్లాయి, గండి చూశాయి, తిరిగి వచ్చాయి. ఒక్క రేచన మాత్రం, జన్మలో కత్తి పట్టనివాడు, చెవిలో గంటం, చంకలో ఖాళీ తాటాకుల కట్ట పెట్టుకుని మూడు అడవులు దాటి, ఈ కొండమీద గుడిసెలో ఉన్న చీనదేశపు అవ్వ కాళ్ల మీద పడ్డాడు.

"ఆ మాంత్రికుడు నా దగ్గరే నేర్చుకున్నాడు," అంది అవ్వ ఆరోజు. పట్టు వర్తకుల వెంట వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మనిషి, తెలుగు మనకంటే చులాగ్గా మాట్లాడుతుంది. "చెయ్యి మంచిది, బుద్ధి మంచిది కాదు. మీ అక్క ముఖం చెరగకముందే ఆ పటాన్ని గండి దాటించి నా చేతిలో పెట్టు. మనిషిని చేసే పని నాది. కళ్లు చెరిగితే మాత్రం ఇక ఎవరి చేతుల్లోనూ లేదు."

"మీరే వంతెన రాయండి అవ్వా, నేను పరిగెత్తి తెస్తాను."

"ఎవరు రాసిన వంతెన వాళ్లనే మోస్తుంది. నేను రాస్తే నేను నడవాలి. ఎనభైతొమ్మిదేళ్లు నాకు. నా మోకాళ్లు పొయ్యి దగ్గరికి మోయడానికే రోజూ ముహూర్తం చూస్తాయి."

"మరి నేనేం రాయాలి?"

అవ్వ నేలమీద వేలితో ఒక అడ్డగీత గీసింది. "మా దేశంలో ఒకటి అంకె ఇది."

రేచన ఆ రోజు నవ్వాడు. "ఇంతేనా!" అన్నాడు.

ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు అతనికి తన నెత్తిన తానే మొట్టుకోవాలనిపిస్తోంది.

మొదటి మూడు రోజులూ అవ్వ కుంచె ముట్టనివ్వలేదు. నల్లరాతి పలక మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి, సిరా గట్టిపరిచి చేసిన మసికడ్డీ ఇచ్చి, నూరమంది. గంధం నూరినట్టు నూరాడు. "ఎవరి మీద కోపం?" అంది. మెల్లగా నూరాడు. "నిద్రపోయావా?" అంది. అక్కడ బురుజు మీద అక్క పాదాలు కరుగుతున్నాయి, ఇక్కడ తను రాతిమీద గుండ్రంగా చెయ్యి తిప్పుతున్నాడు. మూడో సాయంత్రానికి అతని మోచెయ్యి అన్నం తినేటప్పుడు కూడా గుండ్రంగానే తిరిగి, ముద్ద నోటికి బదులు చెవికి వెళ్లింది.

తర్వాత గుడ్డు. కుంచె పట్టినప్పుడు అరచేతిలో కోడిగుడ్డు పట్టేంత ఖాళీ ఉండాలని అవ్వ నిజంగానే ఒక గుడ్డు పెట్టింది. గంటం పట్టిన చెయ్యి పిడికిలే కదా, బిగించింది. ఒక్క పూటలో పదకొండు గుడ్లు పగిలాయి. అవ్వ కోళ్లు అతన్ని చూస్తే గుడిసె ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టాయి.

కాగితం ఇచ్చాక అసలు బాధ బయటపడింది. రేచన కాగితాన్ని చటుక్కున ఎడమచేత్తో పైకెత్తి, కుంచెను గాలిలో కదలకుండా నిలిపి, కాగితాన్ని దానికిందికి జరపసాగాడు.

అవ్వ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. "ఏం చేస్తున్నావురా?"

"రాస్తున్నాను. తాటాకు మీద ఇలాగే రాస్తాం. గంటం నిలవాలి, ఆకు కదలాలి."

"అయితే రేపు నువ్వు నిలబడు, గండిని జరుపుదాం."

కాగితాన్ని బల్లకు అతికించింది. చెయ్యి కదలక తప్పలేదు. కదిలింది కానీ, ఎటు కదిలినా వంగింది. తిన్నగా పోదామని మొదలుపెడతాడు, నడిమికి రాగానే మణికట్టు దానంతట అదే గుండ్రం తిరుగుతుంది. సున్నాలు చుట్టమంటే పున్నమి చంద్రుణ్ణి దించుతాడు, తలకట్టు పెట్టమంటే నెమలిపింఛం పెడతాడు, ఒక్క అడ్డగీత మాత్రం రాదు. వచ్చిన వంకరను దిద్దుదామని మళ్లీ పైనుంచి గీస్తాడు. తాటాకు మీద అది మామూలే, లోతు చాలకపోతే రెండోసారి గీస్తారు.

కుంచె రెండోసారి తగలగానే అవ్వ మణికట్టు మీద గరిటెతో ఒకటి వేసేది. "వెళ్లిపోయిన గీతను వెనక్కి పిలవకూడదు. వంకరగా వెళ్లింది, వెళ్లనీ. దిద్దితే వంకర పోదు, ప్రాణం పోతుంది."

పాడైన కాగితాలను అవ్వ మేక తినేది. మొదట్లో ఆత్రంగా తినేది. ఆరో రోజుకు అది కూడా వాసన చూసి, అతని ముఖంలోకి చూసి, నిట్టూర్చి తినసాగింది.

ఈ ఎనిమిదో ఉదయం, జిలేబీ గండిలో కురిసిపోయాక, రేచన ఓర్పు కూడా దాని వెంటే పోయింది. నల్లరాతి పలకను కాలితో తన్నాడు. పలకకు ఏమీ కాలేదు. బొటనవేలు పట్టుకుని ఒంటికాలి మీద గుడిసె చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణ చేశాడు.

"నాకు రాదు!" అని అరిచాడు. "మా అక్క నడుముదాకా పోయింది! నేనిక్కడ గీత గీస్తూ కూర్చున్నాను! గీత కూడా కాదు, ఏదో గీస్తూ!"

"కాలికి పసుపు పెట్టుకో," అంది అవ్వ.

అది విని అతనికి ఇంకా మండింది. కుంటుకుంటూ కొండ దిగిపోయాడు.

దిగువన, ఎర్రమోదుగులు మంటల్లా పూసిన మలుపు దగ్గర, ఎదురుగా ఒక బేరగాడు వచ్చాడు. నెత్తిన ఆకాశమంత గొడుగు, గొడుగు అంచున చుట్టూ వేలాడుతూ కుంచెలు. ఉడుతతోక కుంచెలు, ముంగిసవెంట్రుకల కుంచెలు, నెమలీకల కుంచెలు. నడుస్తుంటే వెదురు కాడలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.

"ఏం బాబూ, ముఖం అంత చిన్నదయింది?" అని పలకరించాడు బేరగాడు. గొంతులో తేనె కారుతోంది.

అడగడమే ఆలస్యం, రేచన గుడ్ల దగ్గర మొదలుపెట్టి జిలేబీ దాకా అంతా కక్కేశాడు.

"అయ్యో పాపం! ఆ ముసలావిడ ఎవరినైనా అంతే, నూరించి నూరించి చంపుతుంది. ఇదిగో, ఇది తీసుకో." గొడుగు అంచు నుంచి ఒక నల్లకుంచె తెంపి ఇచ్చాడు. "నువ్వు పట్టుకుంటే చాలు, అదే రాసుకుంటుంది. ఊరికే ఇస్తున్నా. నాకూ ఒక అక్క ఉండేది."

ఆ మాటకు రేచన కళ్లు చెమర్చాయి. బేరగాడి నీడకు గబ్బిలం చెవులున్నాయి, కానీ చెమర్చిన కళ్లకు అవి ఎలా కనిపిస్తాయి?

మర్నాడు పొద్దున అవ్వ పొయ్యి ఊదుకుంటుండగా, రేచన నల్లకుంచెను తుండులో చుట్టి గండి అంచుకు చేరాడు. కుంచె మంచును తాకిందో లేదో, గీత దూసుకుపోయింది. ఆహా, ఏం గీత! నూలు పోగు పట్టి కొట్టినట్టు తిన్నగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, రథం పట్టేంత వెడల్పుగా అవతలి ఒడ్డును ముద్దుపెట్టుకుంది. రేచన దాని మీదికి దూకి పరుగందుకున్నాడు.

"ఒరే తాటాకూ!" వెనకనుంచి అవ్వ కేక. "అది నీ చెయ్యి కాదురా! దిగు!"

అప్పటికే అతను గండి నడుమ ఉన్నాడు. కాలికింద వంతెన ఎందుకో మెత్తగా తగిలింది. వెచ్చగా తగిలింది. తర్వాత జిగటగా తగిలింది. తలెత్తి చూస్తే అవతలి ఒడ్డున కొండ అనుకున్నది రెండు గుడ్లు తెరిచింది. అది కొండ కాదు, కొండంత మసికప్ప! తను పరిగెత్తుతున్నది దాని నాలుక!

నాలుక చివర ఈ ఒడ్డును వదిలింది. పురికొస చుట్టినట్టు చుట్టుకుంటూ, ఈగను లాగినట్టు రేచనను లోపలికి లాగసాగింది. గాలి చెవుల్లో హోరుమంది. కప్ప నోరు కోట సింహద్వారంలా పెద్దదవుతోంది. అందులోంచి వందేళ్ల దోమల కంపు. పాదాలు జిగటలో ఇరుక్కుపోయాయి. రేచన చెవిలోంచి గంటం తీసి, రెండు చేతులా ఎత్తి, బలమంతా పెట్టి నాలుకలో దింపాడు.

కప్ప పెట్టిన బొబ్బకు నాలుగు కొండల మీద మంచు రాలింది. బాధతో నాలుకను కొరడాలా విదిల్చింది. రేచన ఆకాశానికి లేచాడు. రెండు కొంగలను దాటాడు, మూడోది తనే పక్కకు తప్పుకుంది. ఆ ఎగురుడులో ఒక్క క్షణం బురుజు మీది పటం దగ్గరగా కనిపించింది. అక్క కళ్లు కదిలాయి. అతన్ని చూశాయి. అంతలోనే కప్ప నోటి తుంపర జడివానలా వెళ్లి పటాన్ని కొట్టింది. నడుము పోయింది, కత్తి పోయింది, భుజాలు పోయాయి. మెడ కూడా కరిగి గోడవెంట కారింది.

రేచన ఈ ఒడ్డున గడ్డివామిలో తలకిందులుగా దిగబడ్డాడు.

అవ్వ కాళ్లు పట్టి బయటికి లాగింది. తిట్టలేదు. గరిటె కూడా తీయలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! అవతలి ఒడ్డు వైపు చూసి, "ముఖం ఒక్కటే మిగిలింది," అంది. "అరజానకు ఎక్కువ లేదు. రేపటి మంచు చాలు."

రేచన గడ్డి ఉమ్ముకుంటూ నేలమీద చతికిలబడ్డాడు. "నా వల్లే," అన్నాడు. "అక్కకు ఇంకా ఎనిమిది రోజులు ఉండవలసింది ఒక్కరోజు చేశాను."

"అవును, నీ వల్లే," అంది అవ్వ. "ఇప్పుడు చెప్పు. నడిమికి రాగానే నీ చెయ్యి ఎందుకు వంగుతుంది?"

"తెలీదు."

"చేతిని అడుగు."

రేచన చేతికేసి చూసుకున్నాడు. "చీలుతుందని," అన్నాడు.

"ఏది?"

"ఆకు. తాటాకుకు ఈనెలు పొడుగునా ఉంటాయి అవ్వా. వాటి వెంట గంటంతో తిన్నగా గీస్తే ఆకు నిలువునా చీలిపోతుంది. అందుకే మా అక్షరాలన్నీ గుండ్రం. చిన్నప్పుడు బడిలో ఆకు చీల్చినవాడికి ఆ పూట అన్నం లేదు. ఎవరైనా గీత గీసినా నాకు కడుపులో ఆకలేస్తుంది."

అవ్వ లేచి వెళ్లి, అతని ఖాళీ తాటాకుల కట్ట తెచ్చి ఒళ్లో పడేసింది. వంటింటి చాకు ఒకటి చేతికిచ్చింది. "చీల్చు."

"ఆకులా? మంచి ఆకులు అవ్వా! ఉడకబెట్టి, ఆరబెట్టి, నూనె రాసినవి. అక్కను విడిపించాక ఈ కథంతా రాద్దామని…"

"చీల్చు."

రేచన మొదటి ఆకు మోకాలి మీద పెట్టాడు. చాకుమొన ఆనించాడు. చెమట పట్టింది. కళ్లు మూసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. చర్రుమని ఆకు రెండయింది. కళ్లు తెరిచాడు. ఆకాశం ఉన్నచోటే ఉంది. మేక వచ్చి ఒక ముక్క తీసుకుని వెళ్లింది.

"ఇంకోటి," అంది అవ్వ.

రెండోది చీల్చాడు. మూడోది చీల్చాడు. పదో ఆకు దగ్గర కళ్లు మూసుకోవడం మానేశాడు. ఇరవయ్యో ఆకు దగ్గర అతనికి కోపం వచ్చింది, అదెవరి మీదో అతనికే తెలియదు. ముప్పయ్యో ఆకు అయిపోయేసరికి, ఏమీ మిగలని ఒళ్లోకి చూసుకుంటూ, "అన్నం పెట్టు అవ్వా," అన్నాడు.

అవ్వ పెట్టింది. ఆ రోజంతా కుంచె మాట ఎత్తలేదు.

మర్నాడు మంచు పరుచుకునే వేళకు రేచన గండి అంచున ఉన్నాడు. ఈసారి ఊపిరి వదలమని, భుజం వదలమని ఎవరూ చెప్పలేదు. కుంచెను మసిలో ముంచి, కొసను ముందు ఎడమకు కాస్త నొక్కి, అక్కడి నుంచి కుడికి బయలుదేరాడు. వేళ్లు కావు, మణికట్టు కాదు, భుజం కదిలింది. భుజంతోపాటు నడుమూ, నడుముతోపాటు బొటనవేలు వాచిన కాలూ కదిలాయి. కొసన ఒక్కసారి అదిమి, వెనక్కి మళ్లించి ఎత్తాడు.

గీత వెళ్లింది. తిన్నగా వెళ్లిందంటే అబద్ధం. మొదట్లో ఒక గూను, పావుదూరంలో ఒక ఒంపు. నడిమిలో మసి చాలక గీత పలచబడి, తడి ఆరిన చీపురుతో ఊడ్చినట్టు పోగులు పోగులుగా విడిపోయింది. అయినా ఆ పోగులు ముందుకే పోయాయి. అవతలి ఒడ్డును చేరాయి, గట్టిపడ్డాయి.

"నడుమ చాలా పలచగా ఉంది," అని రేచన మళ్లీ కుంచె ముంచాడు.

"చెయ్యి తియ్యి!" అవ్వ అరిచింది. "దిద్దావంటే మొత్తం పోతుంది! నీ గీత, నువ్వే మొయ్యి, నిన్ను అదే మోస్తుంది. పో!"

రేచన కుంచె భుజాన వేసుకుని పరిగెత్తాడు. గూను ఎక్కి దిగాడు. ఒంపు దగ్గర పడబోయి నిలదొక్కుకున్నాడు. నడిమిలో వంతెన లేదు, అరచేతి వెడల్పు పోగులు పది పన్నెండు, వాటి మధ్య అంతులేని తెలుపు. ఒక పోగు మీద కాలు వేశాడు, వీణతీగలా మోగింది. రెండోది మోగింది. మూడోది మోగి, పుటుక్కున తెగింది. నాలుగోది పట్టుకుని వేలాడి, ఐదో దాని మీదికి ఎగబాకి, తన చేతిని, తన మసిని, మసికడ్డీ కనిపెట్టినవాణ్ణి వరసగా తిట్టుకుంటూ అవతలి ఒడ్డున బోర్లాపడ్డాడు.

మసికప్ప మూల కూర్చుని నాలుక నాక్కుంటోంది. అది చూసేలోగా బురుజు గోడ ఎగబాకాడు. పటం కింద రాతితొట్టి ఉంది. అక్క నుంచి కరిగి జారిన మసి అంతా అందులో నిండి తొణుకుతోంది. పటంలో తెల్లగుడ్డ పైన ముఖం ఒక్కటే ఉంది. గడ్డం అప్పుడే కరగడం మొదలైంది.

"అక్కా!"

మైలసాని పెదవులు కదిలాయి. "అంత వంకరేంట్రా ఆ వంతెన?" అంది. "ఇక్కణ్ణుంచి చూస్తుంటే నాకు కళ్లు తిరిగాయి. నిన్ను…"

పెదవులు కరిగిపోయాయి. మిగిలిన మాట లోపలే ఉండిపోయింది.

రేచన పటం తాడును పళ్లతో కొరికాడు. జనపనార తాడు, నోరంతా పీచు. తెగింది. పటాన్ని వీపుకు కట్టుకున్నాడు. చుడితే తడి మసి అంటుకుపోతుందని చుట్టలేదు, అక్క ముఖం వెనక్కి తిరిగి ఉండేలా విప్పే కట్టుకున్నాడు. తొట్టి పక్కకు దూకాడు.

ఎదురుగా గొడుగు. గొడుగు కింద బేరగాడు. వాడి చెవులు ఇప్పుడు నీడకే కాదు, వాడికీ గబ్బిలం చెవులే.

"నాకూ ఒక అక్క ఉండేదన్నాను కదా," అన్నాడు కజ్జలకేతుడు. "ఆమెతో చేసిన మసి నిరుడే అయిపోయింది." కుంచె తొట్టిలో ముంచి ఒక్క విదిలింపు విదిలించాడు. నేలమీద పడిన చుక్క ఉబ్బింది, కాళ్లు మొలిచాయి, కొమ్ములు మొలిచాయి. ఏనుగులను జరిపిన మైలసాని బలమంతా కండల్లో పొంగుతూ, కాటుకకొండ లాంటి ఆంబోతు బుసకొట్టి, తలవంచి, దుమికింది.

ఆలోచించడానికి వ్యవధి లేదు. రేచన కుంచెను అదే తొట్టిలో ముంచి, తనకూ ఆంబోతుకూ మధ్య, ఎడమనుంచి కుడికి, ఒక్కటి లాగాడు.

గూను లేదు. ఒంపు లేదు. మొదలు నుంచి కొసదాకా ఒకే మందం, ఒకే నలుపు. మసి ఎక్కడా తప్పలేదు. అవ్వ నేలమీద వేలితో గీసి చూపించిన గీత కూడా దీనిముందు కాస్త వంకరే. ఆంబోతు వచ్చి దానికి ఢీకొని, ఇనుపగడియకు ఢీకొన్నట్టు వెనక్కి పడింది. కజ్జలకేతుడు గొడుగుతోపాటు దానికింద పడ్డాడు.

జన్మలో మొదటిసారి తిన్నగా వచ్చింది! రేచన గుండె పొంగి, చూపిద్దామని చుట్టూ చూశాడు. అవ్వ ఉన్న ఒడ్డున మంచు కమ్మి ఆమెకు ఏమీ కనిపించదు. అక్క ముఖం అతని వీపున, అటువైపు తిరిగి ఉంది. మాంత్రికుడి కళ్లు మూతపడ్డాయి. చూసింది ఆంబోతొక్కటే. అదీ మెచ్చుకునే రకంగా లేదు, కొమ్ములు దులుపుకుని మళ్లీ లేస్తోంది.

కొండమీదికి సూర్యుడు ఎక్కాడు. మంచు కాగితం అంచులు చిరగడం మొదలుపెట్టాయి. ఎదురుగా, గూనుతో, ఒంపుతో, తెగిన పోగులతో, తన వంకర వంతెన వణుకుతోంది. వీపున తడి గుడ్డ వెన్నుకు అతుక్కుంది. అందులో ఎక్కడో రెండు కళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి.

"గట్టిగా పట్టుకో అక్కా," అన్నాడు రేచన. పట్టుకోవడానికి ఆమెకు చేతులు లేవని గుర్తొచ్చి, పటం తాడును తన పళ్లకిందే బిగించి, మొదటి పోగు మీదికి దూకాడు. అది మోగింది. వెనక, రాసినవాణ్ణి తప్ప ఎవరినీ మోయని ఆ గీత మీదికి, ఆంబోతు గిట్టలు కూడా దిగాయి.